ఫిజికల్ కెమిస్ట్రీకి ఏ పుస్తకం? ఒక బీజెడ్‌సీ అమ్మాయి కేసు

ఏటా జూన్‌లో కాలేజీ తెరవగానే వరండాలో నన్ను ఆపి అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, ఫిజికల్‌కి మంచి పుస్తకం చెప్పండి." నిలబడ్డ చోటే ఒక పేరు చెప్పేసి క్లాసుకి వెళ్లిపోయేవాణ్ణి. 19 ఏళ్లుగా డిగ్రీ పిల్లలకి ఇదే సబ్జెక్టు చెప్తున్నాను కాబట్టి ఆ జవాబుకి ఆలోచించాల్సిన పని ఉందని ఎప్పుడూ అనిపించలేదు. అలా చెప్పిన ఒక పేరు ఏడాది తిరిగేసరికి నా టేబుల్ మీదకే వచ్చింది. ఆ కేసే ఇది. ఆ అమ్మాయి సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, కాలేజీ మాత్రం రాయను.

ఫైనల్ ఇయర్ మొదలైన వారమే ఆమె వచ్చి బ్యాగులోంచి రెండు లావుపాటి పుస్తకాలు, మూడు నోట్సులు తీసి పెట్టింది. ఒకటి కాస్టెలన్, మూడో ఎడిషన్. నేను చెప్పిందే. కోఠి ఉమెన్స్ కాలేజీ దగ్గర పాత పుస్తకాల షాపులో కొన్నదట. లోపలి అట్ట మీద ఎవరిదో పాత రోల్ నంబర్ ఉంది. రెండోది యాట్కిన్స్, సీనియర్ దగ్గర అడిగి తెచ్చుకున్నది. ఇవి చాలవన్నట్టు ఫోన్లో ఇంకో 11 పీడీఎఫ్‌లు.

"అన్నీ మొదలుపెట్టాను సార్. ఏదీ బుర్రకెక్కట్లేదు. ఇంతకంటే మంచి పుస్తకం ఏదైనా ఉందా?"

కాస్టెలన్ ఎందుకు చెప్పానంటే, ఎమ్మెస్సీలో నేను దాన్ని చదివాను. అంతకు మించి కారణం లేదు. పుస్తకంలో లోపమేమీ లేదు, థర్మోడైనమిక్స్‌ని అంత పొందిగ్గా కట్టిన పుస్తకాలు తక్కువ. రెండో నియమం చాప్టర్ ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను. కానీ నాకు నచ్చింది కదా అని ఆమెకి చెప్పడం, డాక్టరు తనకి తగ్గిన మాత్రే పేషెంటుకి రాసివ్వడం లాంటిది. నాడి చూడకుండానే మందు రాశాను.

కేసు నేపథ్యం

పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం. ఇంటర్లో బైపీసీ. డిగ్రీలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), ఇంగ్లీషు మీడియం. ఆర్గానిక్‌లో క్లాసులో మొదటి ముగ్గురిలో ఉంటుంది. రియాక్షన్ మెకానిజం అడిగితే బోర్డు మీద బాణాలు తడుముకోకుండా వేస్తుంది. ఫిజికల్‌లో మాత్రం ఇంటర్నల్ 20కి 9. సీపీగెట్ (తెలంగాణ యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్) రాసి ఎమ్మెస్సీలో చేరాలని, వీలైతే జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీకి ఎంట్రన్స్) కూడా రాయాలని ఆమె ఆశ.

ఇలాంటి పిల్లలు వస్తే స్టాఫ్ రూంలో మేం అలవాటుగా అనే మాట ఒకటుంది: "తెలుగు మీడియం కదా, ఇంగ్లీషుతో కష్టం." నేనూ అదే అనుకున్నాను. అందుకే ముందు అదే పరీక్షించాను.

మొదటి రోజు

యాట్కిన్స్‌లో మొదటి నియమం దగ్గర ఒక పేజీ తీసి పైకి చదవమన్నాను. చదివింది. ప్రతి పేరా అయ్యాక తెలుగులో చెప్పమంటే చెప్పింది, చాలావరకు సరిగ్గానే. తెలియని మాటలు పేజీకి మూడో నాలుగో. సందర్భాన్ని బట్టి వాటినీ లాక్కొస్తోంది. ఇంగ్లీషు అడ్డం కాదని పది నిమిషాల్లో తేలిపోయింది. తర్వాత ఒక వాక్యం దగ్గర ఆగింది. 'విత్ రెస్పెక్ట్ టు టి' అని ఏదో వచ్చింది.

"దీని అర్థం ఏంటమ్మా?"

కాసేపు తటపటాయించి, "రెస్పెక్ట్ అంటే గౌరవం కదా సార్. ఇక్కడ గౌరవం ఎందుకొచ్చిందో అర్థం కాక వదిలేశాను" అంది.

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఎందుకంటే మరుక్షణమే అర్థమైంది, ఇది ఇంగ్లీషు మాట తెలియకపోవడం కాదు. ఇంటర్లో ఎంపీసీ చదివిన తెలుగు మీడియం కుర్రాడికైతే ఇది 'ఎక్స్ దృష్ట్యా వై అవకలజం' అనే మాటగా ఎప్పుడో చెవిన పడి ఉంటుంది. బైపీసీ అమ్మాయికి ఏ భాషలోనూ పడలేదు. పదో తరగతి తర్వాత ఆమె లెక్కల పుస్తకం ముట్టలేదు. మామూలు 'డి'కీ వంకర 'డి'కీ (పాక్షిక అవకలజం గుర్తు) తేడా అడిగితే "ప్రింటింగ్ స్టైల్ అనుకున్నాను సార్" అంది. సమీకరణం వచ్చిన ప్రతిచోటా కళ్లు దాని మీద నుంచి జారిపోయి కిందున్న వాక్యం దగ్గర ఆగుతున్నాయి. ఆర్గానిక్‌లో అలా చదివినా నడుస్తుంది. ఫిజికల్‌లో అసలు వాక్యం ఆ సమీకరణమే.

ఆమె నోట్సుల్లో ఇంకోటి దొరికింది. ఇది కొంచెం దగ్గర్నుంచి చూడాలి.

లెక్క చాలా మామూలుది. ఒక మోల్ ఆదర్శ వాయువు 300 కెల్విన్ దగ్గర 10 లీటర్ల నుంచి 20 లీటర్లకి ఉత్క్రమణీయంగా, అంటే రివర్సిబుల్‌గా, సమోష్ణోగ్రత వద్ద వ్యాకోచిస్తుంది. పని ఎంత, వేడి ఎంత, ఎంట్రోపీ మార్పు ఎంత? వాయు స్థిరాంకం ఆర్‌ని ఉష్ణోగ్రత టీతో గుణించి, దాన్ని 2కి సహజ లాగ్‌తో గుణిస్తే 1729 జౌల్స్. ఆ అంకె ఆమెకి సరిగ్గానే వచ్చింది. పని ప్లస్ 1729 అని రాసింది. తర్వాత పేజీ తిప్పి, డెల్టా యు (వాయువు అంతర్గత శక్తిలో మార్పు) సున్నా కాబట్టి, డెల్టా యు = క్యూ + డబ్ల్యూ (క్యూ వేడి, డబ్ల్యూ పని) అనే సూత్రంలో పెట్టి, వేడి మైనస్ 1729 అని తేల్చింది. దాన్ని 300తో భాగించి ఎంట్రోపీ మార్పు మైనస్ 5.76 అని రాసి, పక్కన ఎర్ర ఇంకుతో పెద్ద ప్రశ్నార్థకం పెట్టుకుంది.

"వాయువు వ్యాకోచిస్తే ఎంట్రోపీ పెరగాలి కదా సార్. నాకు తగ్గింది. మూడుసార్లు చేశాను."

మూడుసార్లు కాదు, ముప్పైసార్లు చేసినా అంతే వస్తుంది. పనికి గుర్తు కాస్టెలన్ నుంచి తీసుకుంది, సూత్రం యాట్కిన్స్ నుంచి తీసుకుంది. కాస్టెలన్‌లో పని అంటే వ్యవస్థ బయటికి చేసి పెట్టిన పని, అది ప్లస్. అందుకే అక్కడ సూత్రం క్యూ మైనస్ డబ్ల్యూ. ఆవిరి యంత్రాల కాలం నుంచి వస్తున్న చూపు ఇది: వేడి లోపలికి పెట్టాం, పని బయటికి రాబట్టాం, రెండూ మన లాభమే. యాట్కిన్స్‌లో వ్యవస్థలోకి వచ్చేదంతా ప్లస్, బయటికి పోయేదంతా మైనస్. కెమిస్ట్రీలో పేర్లు, ప్రమాణాలు ఖరారు చేసే అంతర్జాతీయ సంస్థ ఐయూపాక్ ఇప్పుడు సిఫారసు చేసేదీ ఇదే. రెండు పద్ధతులూ వేటికవి నిక్షేపంగా పనిచేస్తాయి. కలిపితేనే తేడా కొడుతుంది. ఈ ముక్క నేను క్లాసులో ఒకసారి చెప్పే ఉంటాను. కానీ కాస్టెలన్ కొనుక్కోమని వరండాలో చెప్పేటప్పుడు, క్లాసులో నేను వాడే గుర్తుకి ఇది ఎదురని చెప్పలేదు.

ఆ ఎర్ర ప్రశ్నార్థకం మాత్రం నాకు చాలా నచ్చింది. జవాబు తప్పని ఆమెకి తెలుసు. ఎంట్రోపీ అర్థమైన పిల్ల. ఎక్కడ తప్పిందో పట్టుకునే పనిముట్టు చేతిలో లేదు.

మూడోది యూనిట్లు. దీని గురించి ఎక్కువ రాయను, అందరికీ తెలిసిన గోలే. ఒకచోట ఆర్ విలువ 8.314, ఇంకోచోట 0.0821, పాత పుస్తకంలోంచి తీసుకున్న నోట్సులో 1.987. ఒక లీటర్ అట్మాస్ఫియర్ అంటే 101.3 జౌల్స్ అన్న ముక్క లేక పని 12 జౌల్స్ అని రాసి సంతోషించిన లెక్క ఒకటి ఉంది. ప్రామాణిక పీడనాన్ని ఐయూపాక్ 1982లో ఒక అట్మాస్ఫియర్ నుంచి ఒక బార్‌కి మార్చింది. అందుకే కొన్ని పుస్తకాల్లో మోల్ వాయువుకి 22.4 లీటర్లు, కొన్నిట్లో 22.7 ఉంటాయి. పీడీఎఫ్‌లు 11 ఉంటే ఈ తేడాలూ 11 రకాలుగా వచ్చి మీద పడతాయి.

ఏం చేశాం

కొత్త పుస్తకం పేరు చెప్పలేదు. వచ్చే ఆదివారం అబిడ్స్ వెళ్లి ఫుట్‌పాత్ మీద తెలుగు అకాడమీ ఇంటర్ మ్యాథ్స్ 1బి కొనుక్కురమ్మన్నాను, దొరికితే 2బి కూడా. మొహం చిన్నబోయింది. జామ్ గురించి అడిగితే ఇంటర్ ఫస్టియర్ పుస్తకం చెప్తున్నాడు ఈయన అనుకుని ఉంటుంది. అప్పుడు జామ్ కెమిస్ట్రీ సిలబస్ తీసి చూపించాను. ఫిజికల్ భాగం మొదలయ్యేదే బేసిక్ మ్యాథమెటికల్ కాన్సెప్ట్స్‌తో: ఫంక్షన్లు, గరిష్ఠ కనిష్ఠాలు, సమాకలనం, అవకలన సమీకరణాలు, సదిశలు, మాత్రికలు, సంభావ్యత. ఇన్నాళ్లూ ఆ పేరా దాటేసి 'గ్యాసియస్ స్టేట్' దగ్గర్నుంచి చదువుతోంది. (ఎమ్మెస్సీకి కొన్ని ఐఐటీలు ఇంటర్లో మ్యాథ్స్ ఉండాలంటాయి. బైపీసీ పిల్లలు ఆ అర్హతల పట్టిక ముందే చూసుకోవడం మంచిది.)

రెండు పుస్తకాలూ కలిపి 100 రూపాయల లోపే దొరికాయి. మొత్తం చదవమనలేదు. 1బిలో అవకలనం, లాగ్, ఎక్స్‌పొనెన్షియల్, గరిష్ఠ కనిష్ఠాలు. 2బిలో సమాకలనం మొదలు, అందులోనూ ఒకటి బై ఎక్స్ సమాకలనం లాగ్ ఎందుకవుతుందో బాగా. వాయువు చేసే పనిలో, ఎంట్రోపీలో, మొదటి క్రమాంక చర్యలో, నెర్న్‌స్ట్ సమీకరణంలో ఎక్కడ లాగ్ కనిపించినా దాని మూలం ఇదే. ఈ ఒక్క సమాకలనం చేతిలో ఉంటే సగం డెరివేషన్లు బట్టీ పట్టాల్సిన పని తప్పుతుంది.

వంకర డి మాత్రం నేను కూర్చుని చెప్పాను. వాళ్లది వరి పొలం. "దిగుబడి దేని మీద ఆధారపడుతుంది?" అన్నాను. నీళ్లు, యూరియా అంది. నీళ్లు అంతే ఉంచి యూరియా ఒక్కటే కొంచెం పెంచితే దిగుబడి ఎంత మారింది, అది ఒక వంకర డి. యూరియా అంతే ఉంచి నీళ్లు పెంచితే ఇంకో వంకర డి. బ్రాకెట్ కింద మూలన చిన్నగా రాసే అక్షరం, కదలకుండా పట్టుకున్నదాని పేరు. ఆమె కాసేపు చూసి, "అయితే సీవీ అంటే కుక్కర్ మూత బిగించి వేడి చేసినట్టు, సీపీ అంటే మూత తీసి చేసినట్టా సార్?" అంది. సీవీ అంటే ఘనపరిమాణం మారనివ్వకుండా, సీపీ అంటే పీడనం మారనివ్వకుండా కొలిచే ఉష్ణధారణ. విజిల్ రాకముందు దాకా అవునన్నాను. ఆ రోజు తర్వాత ఆ గుర్తు కనిపిస్తే ఆమె కళ్లు జారిపోలేదు.

ఇదంతా అవడానికి ఏడు వారాలు పట్టింది. ఆగస్టులో గానీ అసలు పుస్తకం ప్రశ్నకి రాలేదు.

ఈసారి వరండా పద్ధతి మానేశాను. ఒకే అంశం, మొదటి నియమంలో వ్యాకోచ పని, మూడు పుస్తకాల్లో చదవమన్నాను: యాట్కిన్స్, లెవిన్, పూరి-శర్మ-పఠానియా. ఒక్కోదానికి మూడు రోజులు. చదవడం, మూసేయడం, చూడకుండా రాయడం, ఆ పుస్తకంలోవే అయిదు లెక్కలు చేయడం. ఏది బాగుందో చెప్పమని అడగలేదు. లెక్కలు చేసిన కాగితాలు తెమ్మన్నాను, అంతే.

యాట్కిన్స్ చదివి చాలా సంతోషంగా వచ్చింది. 1978లో మొదటిసారి వచ్చి, ఇప్పుడు యాట్కిన్స్, డి పౌలా, కీలర్ పేర్ల మీద 12వ ఎడిషన్ దాకా నడుస్తున్న పుస్తకం ఊరికే అంత పేరు తెచ్చుకోలేదు. బొమ్మలు, అణువుల స్థాయిలో ఏం జరుగుతోందో చెప్పే తీరు బాగుంటాయి. కానీ కాగితం మీద అయిదింట్లో ఒక లెక్కే పూర్తయింది. చదువుతున్నప్పుడు అర్థమైనట్టు ఉంటుంది, మూశాక చెయ్యి కదలదు. డెరివేషన్లో మధ్య మెట్టు ఒకటి పాఠకుడికే వదిలినప్పుడు, ఆ మెట్టు దాటేంత చురుకు ఆమె మ్యాథ్స్‌కి ఇంకా రాలేదు.

లెవిన్ చూసి మొదటి రోజే నీరసపడింది. రంగులు తక్కువ, అక్షరాలు ఎక్కువ. బ్రూక్లిన్ కాలేజీలో ఏళ్ల తరబడి పాఠం చెప్పిన మనిషి రాసిన పుస్తకమని పేజీ పేజీకీ తెలుస్తుంటుంది: పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో ఆయనకి ముందే తెలుసు. మొదటి చాప్టర్లోనే అవకలనానికి ఒక సెక్షన్, సమాకలనానికి ఒక సెక్షన్ పెట్టాడు. ఇంకోటి, ఆమె విషయంలో తేడా తెచ్చింది ఇదే అనుకుంటాను: ఒక లెక్క చేసి చూపించగానే దాని కిందే అలాంటిదే చిన్న లెక్క, బ్రాకెట్లో జవాబుతో సహా ఇస్తాడు. తప్పయితే అక్కడికక్కడే తెలిసిపోతుంది, చాప్టర్ చివరికి వెళ్లి కుప్పకూలే పని లేదు. ఆమె మూడు రోజులకి బదులు ఆరు రోజులు తీసుకుంది. నాలుగు లెక్కలు సరిగ్గా వచ్చాయి. అయిదోదాంట్లో గుర్తు తప్పింది, తప్పని తనే పట్టుకుంది.

పూరి-శర్మ సంగతి వేరు. జలంధర్ విశాల్ పబ్లిషింగ్ వాళ్ల ఈ పుస్తకం మన యూనివర్సిటీ పేపర్లకి అచ్చంగా సరిపోతుంది. గిబ్స్-హెల్మ్‌హోల్ట్జ్ సమీకరణం ఉత్పాదించండి, లెడ్-సిల్వర్ వ్యవస్థ ప్రావస్థా చిత్రం వివరించండి, ఇలాంటి ఎస్సే ప్రశ్నకి ఏం రాయాలో, ఎంత రాయాలో అందులో ఉంటుంది. దాన్ని చిన్నచూపు చూసే సహోద్యోగులున్నారు, నేను చూడను. డిగ్రీ పాసవకుండా ఎమ్మెస్సీ ఎక్కడిది? అయితే అందులో చదివి తను రాసింది చూస్తే మాటకి మాట పుస్తకమే. అది అర్థమై వచ్చిందా, జ్ఞాపకం మీద వచ్చిందా అన్నది ఆమెకే తేలలేదు.

కాబట్టి థర్మోడైనమిక్స్, సమతాస్థితి, గతిక శాస్త్రం లెవిన్‌లో. సెమిస్టర్ పరీక్షకి ముందు రెండు వారాలు పూరి-శర్మ. యాట్కిన్స్ సీనియర్‌కి తిరిగిచ్చేయకుండా బొమ్మల కోసం ఉంచుకోమన్నాను. కాస్టెలన్ ఏడాది పాటు తెరవొద్దన్నాను. పీడీఎఫ్‌లు తనే తీసేసింది. కొత్త నోట్సు మొదటి పేజీలో మూడే మూడు లైన్లు రాయించాను: డెల్టా యు = క్యూ + డబ్ల్యూ; ప్రామాణిక పీడనం ఒక బార్; ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ అంటే ఎప్పుడూ రిడక్షన్ పొటెన్షియల్. ఏ పుస్తకంలోంచి ఏది తెచ్చుకున్నా ముందు ఈ పేజీతో సరిచూసుకుని, గుర్తు మార్చాకే నోట్సులోకి ఎక్కించాలి.

ఫలితం, ఫలించనిది

ఆ సెమిస్టర్ ఇంటర్నల్‌లో 20కి 15 వచ్చాయి. సీపీగెట్‌లో ర్యాంకు వచ్చింది, కెమిస్ట్రీలో సీటు వచ్చింది. జామ్ రాలేదు. థర్మో, కైనెటిక్స్ లెక్కలు బాగానే చేశానంది. క్వాంటమ్ దగ్గర దెబ్బతింది. అందులో సగం తప్పు నాదే. సంకీర్ణ సంఖ్యలు ఇంటర్ 2ఎలో ఉంటాయి, ఆ పుస్తకం నేను చెప్పనేలేదు. ఫిబ్రవరి పరీక్షకి జనవరిలో గుర్తొచ్చింది. వేవ్ ఫంక్షన్ పక్కన ఆ నక్షత్రం గుర్తు ఏంటని ఆమె అడిగినప్పుడు మళ్లీ అదే వంకర డి కథ.

ఎలక్ట్రోకెమిస్ట్రీ కూడా లెవిన్‌లో సాగలేదు. బరువెక్కువైందంది. పది రోజులు కుస్తీ పట్టి పూరి-శర్మకి వెళ్లిపోయింది. నేను ఆపలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఈ కేసు చదివినవాళ్లు అందరికీ లెవిన్ కొనిపెడతారు. అదే ఏడాది ఒక ఎంపీసీ కుర్రాడికి, ఈమెకి బాగా పనిచేసింది కదా అని, నాడి చూడకుండా మళ్లీ అదే మందు రాశాను. రెండు వారాల్లో విసుగొచ్చేసింది అతనికి. అవకలనం సెక్షన్లు అన్నీ తెలిసినవే, మెట్టు మెట్టుకీ ఆగి చెప్తుంటే చిరాకు. అతనికి లేనిది ఇంకోటి: సమీకరణాలు గబగబా తిప్పేస్తాడు, ఉత్క్రమణీయ వ్యాకోచంలో 1729 జౌల్స్ వచ్చిన పని, అదే వాయువు చివరి పీడనానికి ఎదురుగా ఒక్కసారిగా వ్యాకోచిస్తే 1247కి ఎందుకు పడిపోయిందంటే చెప్పలేడు. అతనికి యాట్కిన్స్ ఇచ్చాను. బొమ్మల దగ్గర ఆగడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు వరండాలో ఎవరైనా పుస్తకం పేరు అడిగితే, ఆ రోజు పేరు చెప్పడం మానేశాను. స్టాఫ్ రూమ్‌కి పిలిచి ఒక పేజీ చదివించి, ఒక లెక్క చేయించి, ఎక్కడ పెన్ను ఆగిందో చూస్తున్నాను. అరగంట పడుతుంది. పిల్లలు కొందరు దీన్ని ఇంటర్వ్యూ అనుకుని టెన్షన్ పడి మళ్లీ రావట్లేదు. దానికి విరుగుడు ఇంకా దొరకలేదు.

మొన్న జూన్‌లో ఒక సెకండియర్ అమ్మాయి వచ్చింది, ఆమె కూడా బీజెడ్‌సీనే. 1బి తెచ్చుకోమని చెప్పబోతుంటే బ్యాగులోంచి తీసి చూపించింది. అక్క ఇచ్చి వెళ్లిందట. నలిగిపోయి ఉంది, అవకలనం చాప్టర్ దగ్గర కుట్టు ఊడిపోయింది. ఆ పేజీ పైన పెన్సిల్‌తో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది: 'విత్ రెస్పెక్ట్ టు = దృష్ట్యా. గౌరవం కాదు!!'